వైపర్ మందగిస్తే తప్పు మోటారుదేనా?

వాన జోరందుకున్న వేళ వైపర్ నత్తనడక నడవడం, అద్దం మధ్యలో నిలిచిపోవడం పాత కార్లున్నవారికి తెలిసిన బాధే. అనుమానం ముందు మోటారు మీదికే పోతుంది. చాలాసార్లు అసలు కారణం ఏళ్ల తరబడి మైనంలా గట్టిపడిన గ్రీజు.

బ్రిటన్‌లో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎం.జి.బి. స్పోర్ట్స్ కారునే చూద్దాం. తర్వాతి మోడళ్లలో లూకాస్ 14డబ్ల్యూ అనే రెండు వేగాల మోటారు ఉంటుంది. అది ఒక నైలాన్ గేరును తిప్పుతుంది. గేరు మీది పిన్ను ఒక చిన్న కడ్డీని ముందుకూ వెనక్కూ ఆడిస్తుంది. ఆ కడ్డీకి తగిలించిన కేబుల్ సన్నని ఉక్కు గొట్టంలో జారుతూ, వైపర్ల కింది పళ్ల చక్రాలను అటూ ఇటూ తిప్పుతుంది. గొట్టంలో గ్రీజు బిగిస్తే ఆ భారమంతా మోటారు మీదే.

తిరుగుతున్న మోటారు ఒక జనరేటర్ కూడా. బ్యాటరీకి ఎదురుగా తానే కొంత వోల్టేజిని పుట్టిస్తుంది. కరెంటును అదుపులో ఉంచేది ప్రధానంగా అదే. తీగచుట్ట నిరోధం చాలా తక్కువ. వేగం తగ్గితే ఎదురు వోల్టేజి తగ్గి, కరెంటు పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే తీగచుట్టలో వేడి నాలుగింతలు. బిగుసుకున్న వైపర్‌ను అలాగే నడిపిస్తే మోటారు కాలిపోయేది ఇందుకే.

కాబట్టి విప్పే ముందు కొలవడం మేలు. కేబుల్ తగిలించకుండా నడిపితే 14డబ్ల్యూ మామూలు వేగంలో సుమారు 1.5 ఆంపియర్లు తీసుకోవాలి. గేరు నిమిషానికి 46–52 సార్లు తిరగాలి. కేబుల్‌ను గొట్టంలో లాగడానికి 2.7 కిలోల బరువుకు మించిన బలం పట్టకూడదు. మోటారు లెక్క సరిపోయి కేబుల్ లెక్క తప్పితే, మోటారును విప్పే పనే లేదు.

బయటికి తీయడం కష్టమేమీ కాదు. బ్యాటరీ తీగ ఊడదీసి, వైపర్ చేతులు తీసేయాలి. లేకపోతే కేబుల్ జారేటప్పుడు అవి గిర్రున తిరిగి పెయింటు గీకేస్తాయి. కరెంటు ప్లగ్గు, గొట్టాన్ని పట్టుకున్న పెద్ద నట్టు, మోటారు పట్టీ విప్పితే మోటారు, కేబుల్ కలిసే వచ్చేస్తాయి.

మోటారును తెరిచేటప్పుడే జాగ్రత్త. రెండు పొడవాటి బోల్టులు తీస్తే ఉక్కు తొడుగు ఊడుతుంది. దాని లోపల అంటుకొని శాశ్వత అయస్కాంతాలుంటాయి. అవి పెళుసు, సుత్తి తగలకూడదు. ఇనుప రజను ఉన్న బల్ల మీద పెట్టకూడదు. తొడుగు మీదా గేరు పెట్టె మీదా ముందే ఒక గీత గీయాలి. తొడుగును అటుదిటుగా బిగిస్తే ఉత్తర, దక్షిణ ధ్రువాలు తారుమారై మోటారు వెనక్కి తిరుగుతుంది.

అంతకుముందు తరం మోటార్లలో అయస్కాంతం బదులు తీగచుట్టే ఉండేది. బ్యాటరీ ధ్రువాలు మార్చినా చుట్టలోనూ ఆర్మేచర్‌లోనూ కరెంటు దిశ కలిసే మారుతుంది. తిరిగే దిశ మారదు. 1960ల నడిమి దాకా చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ధన ధ్రువాన్నే బాడీకి కలిపేవారు. అలాంటి కారు ధ్రువాలు మార్చేవారికి ఈ తేడా తెలిసి ఉండాలి.

లోపల బ్రష్‌లు మూడు. మూడోది కాస్త పక్కకు ఉంటుంది. దాని గుండా కరెంటు ఇస్తే ఎదురు వోల్టేజిని పుట్టించే చుట్లు తగ్గుతాయి. అంత వోల్టేజి రావాలంటే ఆర్మేచర్ మరింత వేగంగా తిరగాలి. అదే రెండో వేగం. అది మాత్రమే పనిచేయకపోతే స్విచ్చును, తీగలను చూశాక ఈ బ్రష్‌నే చూడాలి. 4.8 మిల్లీమీటర్ల కన్నా అరిగిన బ్రష్‌లను మార్చేయాలి. కమ్యుటేటర్‌ను గుడ్డతో శుభ్రం చేసి, పాత గ్రీజు పూర్తిగా గీకేసి, గేరుకూ కేబుల్‌కూ కొత్తది పూయాలి.

అన్నీ బిగించాక వైపర్ చేతులు వెంటనే పెట్టకూడదు. మోటారును ఒకసారి నడిపి స్విచ్ ఆపితే, అది తన విశ్రాంతి స్థానంలో ఆగుతుంది. అప్పుడు చేతులను అద్దం అడుగు అంచున అమర్చి, అద్దం తడిపి పరీక్షించాలి. పొడి అద్దం మీద రాపిడి ఎక్కువ, కొలతలు తప్పుతాయి.