చేదు... నాలుకకే కాదు!

ఉగాది పచ్చడిలో వేపపువ్వు తగలగానే ముఖం చిట్లిస్తాం. మొయినాబాద్ మండలం హిమాయత్‌నగర్‌లోనైనా, అమెరికాలోని తెలుగింట్లోనైనా అంతే! ఆ చేదును పసిగట్టేవి నాలుక మీది రిసెప్టర్లు. వాటిని తయారుచేసే జన్యువులు మనలో పాతిక దాకా ఉన్నాయి. ఒకే చేదు ఒకరికి కొద్దిగా, మరొకరికి భరించలేనంతగా అనిపించడానికి ఈ జన్యువుల్లోని తేడాలూ ఓ కారణం.

విచిత్రమేమిటంటే... ఈ రిసెప్టర్లు పేగుల్లో, ఊపిరితిత్తుల్లో, చివరికి క్యాన్సర్ కణాల్లోనూ ఉన్నాయి! పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగశాలలో నోరు, గొంతు క్యాన్సర్ కణాల మీద లిడోకెయిన్ వాడి చూశారు. పళ్ల డాక్టర్లు చిగురుకు ఇచ్చే మత్తుమందే అది. రుచికి చేదు. టీ2ఆర్14 అనే చేదు రిసెప్టర్‌ను అది తట్టిలేపడంతో ఆ కణాలు చనిపోయాయని 2023లో వెల్లడించారు.

అదే ఏడాది ముంబయి టాటా మెమోరియల్ వైద్యుల అధ్యయన ఫలితాలూ వచ్చాయి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు కణితి చుట్టూ లిడోకెయిన్ ఇచ్చినవారిలో అయిదేళ్ల తర్వాత 90.1 శాతం మంది జీవించి ఉన్నారు. ఇవ్వనివారిలో 86.4 శాతం. అయితే, దీనికి చేదు రిసెప్టరే కారణమని రుజువు కాలేదు.

అలాగని కాకర రసంతో క్యాన్సర్ తగ్గుతుందనుకోకండి. ప్రయోగశాలలో మందు వేరు, కంచంలో కూర వేరు. నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోయినా, రొమ్ములో గడ్డ చేతికి తగిలినా చిట్కాలతో కాలం గడపకుండా వెంటనే డాక్టరుకు చూపించుకోండి.