పాత కంప్యూటర్ మొదట్లోనే ఆగిపోతే

పాత డెస్క్‌టాప్ ఆన్ చేయగానే మధ్యలో బిగుసుకుపోతే తొందరపడి ఫార్మాట్ చేయించకండి. పిల్లల ప్రాజెక్టులు, స్కాన్ చేసి దాచిన మార్కుల జాబితాలు అన్నీ పోతాయి. లెక్క కుదరనప్పుడు పద్దులు ఒక్కొక్కటే సరిచూసినట్లు, ఇక్కడా వరుసగా చూసుకోవాలి.

ముందు ఎక్కడ ఆగుతోందో గమనించండి. కంపెనీ పేరు కనిపించే మొదటి తెర దగ్గరే ఆగితే పెన్ డ్రైవ్, ప్రింటర్ కేబుల్ తీసేసి మళ్ళీ ఆన్ చేయండి. ఫలితం లేకపోతే ప్లగ్ పీకి, సీపీయూ మూత తెరిచి, దుమ్ము దులిపి, ర్యామ్ తీసి మళ్ళీ సరిగ్గా అమర్చండి. తేదీ, టైము ప్రతిసారీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ మార్చాలి. చాలా వాటిలో సీఆర్ 2032 రకం ఉంటుంది.

విండోస్ గుర్తు వచ్చాక ఆగితే డ్రైవర్‌నో, హార్డ్ డిస్కునో అనుమానించాలి. విండోస్ 7 అయితే ఆన్ చేయగానే ఎఫ్8 నొక్కుతూ సేఫ్ మోడ్‌లోకి వెళ్ళండి. తెరుచుకుంటే ముందు ఫైళ్ళు కాపీ చేసుకోండి, మరమ్మతు ఆ తర్వాతే. డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే పదేపదే ఆన్ చేయవద్దు. మెకానిక్‌కు ఇచ్చేటప్పుడు డేటా తీశాకే ఫార్మాట్ అని గట్టిగా చెప్పండి.

స్కాలర్‌షిప్ కాగితాల కాపీ ఒకటి ఎప్పుడూ వేరే పెన్ డ్రైవ్‌లో ఉంచుకుంటే గడువు రోజున కంగారు ఉండదు.