నాలుగు ఛాన్సులు... పది గజాలు!

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్లి ఆర్నెల్లు ఉండొద్దామనుకునే పెద్దవాళ్లకి ఫిబ్రవరిలో ఓ ఆదివారం తప్పకుండా ఎదురవుతుంది. సాయంత్రమయ్యేసరికి ఇంటినిండా స్నేహితులు. టీపాయ్ మీద చిప్స్, చికెన్ వింగ్స్. టీవీలో హెల్మెట్లు, ప్యాడ్లు కట్టుకున్న భారీకాయులు ఒక్కసారిగా ఒకళ్లమీద ఒకళ్లు పడతారు. విజిల్ మోగుతుంది. లేచి దులుపుకొని మళ్లీ వరసల్లో నిలబడతారు. ‘ఇదేం ఆటరా, ఐదు సెకన్లు కొట్టుకుని అరనిమిషం మీటింగు పెట్టుకుంటున్నారు!’ అని ఆ పెద్దాయన విసుక్కుంటే తప్పేం లేదు. చూడ్డానికి అలాగే ఉంటుంది. కానీ ఒక్క లెక్క తెలిస్తే చాలు, అదే ఆటని వదలకుండా చూస్తారు. ఆ లెక్క మనకేమీ కొత్త కాదు... గజాల లెక్క.

ఇదీ స్థలం గొడవే!

గజాలంటే మనకి ఇళ్ల స్థలాలు గుర్తొస్తాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ తగాదా అంతా స్థలం గురించే. మైదానం పొడవు 120 గజాలు, వెడల్పు 53 గజాల పైచిలుకు. మొత్తం 6,400 చదరపు గజాలు. అంటే ఇంచుమించు ఎకరా పదమూడు గుంటలు! అందులో రెండు చివర్లా పదేసి గజాలు ‘ఎండ్ జోన్’. బంతితో అవతలివాళ్ల ఎండ్ జోన్‌లోకి చేరితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆ తర్వాత బంతిని గోల్‌పోస్టుల మధ్యనుంచి తన్నితే మరో పాయింటు. తన్నకుండా మళ్లీ ఎండ్ జోన్‌లోకి తీసుకెళ్తే రెండు.

జట్టుకి 11 మంది. బంతి ఎవరి దగ్గరుంటే వాళ్లకి నాలుగు ఛాన్సులిస్తారు. ఒక్కో ఛాన్సుని ‘డౌన్’ అంటారు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగారా... మళ్లీ కొత్తగా నాలుగు ఛాన్సులు. జరగలేదా... బంతి ఆగిన చోటే అవతలివాళ్లకి అప్పగించాలి. ఆటంతా ఇంతే. కామెంటేటర్ ‘సెకండ్ అండ్ సెవెన్’ అన్నాడంటే రెండో ఛాన్సు నడుస్తోంది, ఇంకా ఏడు గజాలు కావాలని. టీవీలో పచ్చిక మీద కనిపించే పసుపు గీత దాటాల్సిన హద్దు. అది నిజం గీత కాదు, కంప్యూటర్ గీసేది. 1998లో మొదలైంది. స్టేడియంలో కూర్చున్నవాళ్లకి కనిపించదు పాపం!

ఛాన్సు మొదలవగానే మధ్యలో ఉన్న ఆటగాడు వంగి, కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి అందిస్తాడు. అందుకునేవాడు క్వార్టర్‌బ్యాక్... జట్టుకి మెదడు లాంటివాడు. బంతిని పక్కవాడి చేతిలో పెట్టి పరుగెత్తించాలా, దూరంగా ఉన్నవాడికి విసరాలా అన్నది క్షణాల్లో తేల్చుకోవాలి. ఈలోగా అతణ్ని కూలదొయ్యడానికి అవతలివాళ్లు మీదికొస్తుంటారు. కూతకొచ్చినవాణ్ని మన కబడ్డీ ఆటగాళ్లు పట్టేస్తారే, అలా. వాళ్లని అడ్డుకోవడమే ముందు వరసలోని ఐదుగురు బాహుబలుల పని. విసిరిన బంతి నేలపాలైతే ఆ ఛాన్సు వృథా. అవతలివాడు పట్టుకుంటే బంతి వాళ్లదే.

ఆట గడియారం ప్రకారం గంట. పూర్తవడానికి మాత్రం మూడు గంటల పైనే పడుతుంది. బంతి నిజంగా ఆటలో ఉండేది సుమారు 11 నిమిషాలేనని 2010లో వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక లెక్కగట్టింది. మిగతాదంతా ఎత్తులు, పైఎత్తులు, బోలెడన్ని ప్రకటనలు. ఐదు రోజుల టెస్టు మ్యాచ్ చూసే మనం దీన్ని తప్పుపట్టలేంలెండి.

నాలుగో ఛాన్సులో అసలు నాటకం

మూడు ఛాన్సులయ్యాయి, పది గజాలు పూర్తవలేదు. ఇప్పుడు మూడు దారులు. గోల్‌పోస్టులు అందుబాటులో ఉంటే బంతిని తన్ని 3 పాయింట్లు తీసుకోవచ్చు. దూరమైతే బంతిని వీలైనంత అవతలికి తన్ని, ప్రత్యర్థి అక్కణ్నుంచి మొదలుపెట్టేలా చెయ్యొచ్చు. లేదంటే తెగించి ముందుకెళ్లొచ్చు. ఎక్కువమంది కోచ్‌లు మొదటి రెండింటికే మొగ్గు చూపుతారు.

2018 ఫిబ్రవరి 4. మినియాపొలిస్‌లో సూపర్ బౌల్... అంటే 32 జట్ల ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్. ఫిలడెల్ఫియా ఈగల్స్‌కి ఎదురుగా టామ్ బ్రాడీ ఉన్న న్యూఇంగ్లండ్ పేట్రియాట్స్. ఈగల్స్ 15-12తో ముందుంది. సగం ఆట ముగియడానికి 38 సెకన్లు. నాలుగో ఛాన్సు, ఎండ్ జోన్ ఒక్క గజం దూరం. తన్నితే 3 పాయింట్లు ఖాయం. ఈగల్స్ తన్నలేదు. బంతి క్వార్టర్‌బ్యాక్‌కి కాకుండా వేరేవాడికి వెళ్లింది, అతన్నుంచి ఇంకొకరికి. అందరూ బంతి వెనక పడ్డారు. ఇంతలో క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్ ఏమీ ఎరగనట్టు పక్కకి జారుకుని ఎండ్ జోన్‌లోకి వెళ్లిపోయాడు. రోజూ బంతులు విసిరేవాడు ఆరోజు బంతి పట్టాడు. టచ్‌డౌన్! పైగా ఫోల్స్ అసలు క్వార్టర్‌బ్యాక్ గాయపడితే వచ్చిన బదిలీ ఆటగాడు. ఆ జట్టు 41-33తో గెలిచి తొలి సూపర్ బౌల్ అందుకుంది. ఆ ఎత్తుకి ముందు ఫోల్స్, కోచ్ మాట్లాడుకుంటున్న దృశ్యం ఇప్పుడు ఫిలడెల్ఫియా స్టేడియం బయట విగ్రహమై ఉంది.

ఈ పది గజాల నిబంధన వెనక ఓ చేదు కథ ఉంది. 1882లో పెట్టిన లెక్క మూడు ఛాన్సుల్లో ఐదు గజాలు. బంతిని ముందుకి విసరకూడదు. అంచేత గుంపుగా తోసుకుంటూ వెళ్లడమే దారి. హెల్మెట్టు తప్పనిసరి కాదు. ఒక్క 1905లోనే కనీసం 18 మంది కుర్రాళ్లు చనిపోయారు. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధుల్ని వైట్‌హౌస్‌కి పిలిచి మాట్లాడాల్సి వచ్చింది. మర్నాడే కాకపోయినా మరుసటి ఏడాది నిబంధనలు మారాయి. బంతిని ముందుకి విసరడానికి అనుమతి దొరికింది, ఐదు గజాలు పదయ్యాయి. నాలుగో ఛాన్సు 1912లో వచ్చింది.

హెల్మెట్ ఆపలేనిది

మరణాలు తగ్గాయి, దెబ్బలు మాత్రం ఆగలేదు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ తరఫున నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచిన మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభై ఏళ్లకే చనిపోయాడు. చివరి రోజుల్లో అతని మనసు స్థిమితంగా ఉండేది కాదు. అతని మెదడుని పరీక్షించిన నైజీరియా సంతతి డాక్టర్ బెనెట్ ఒమాలు అందులో సీటీఈ అనే జబ్బు గుర్తించి, 2005లో ఆ సంగతి ప్రచురించారు. పదేపదే తగిలే దెబ్బలతో వచ్చే జబ్బిది. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, లోపల మెదడు కదలకుండా ఆపలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ అధికారి ఒకరు ఆట-జబ్బు సంబంధాన్ని బాహాటంగా ఒప్పుకున్నది 2016లో! తర్వాతి ఏడాది 111 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లు పరీక్షిస్తే 110 మందిలో ఆ జబ్బు కనిపించింది. అవి చాలావరకు అనుమానం వచ్చిన కుటుంబాలు దానమిచ్చినవి కాబట్టి ఆటగాళ్లందరికీ ఆ లెక్క వర్తించదు. అయినా తల్లిదండ్రుల గుండె గుభేలుమనడానికి అంత చాలు.

ఆ తల్లిదండ్రుల్లో మనవాళ్లూ ఉన్నారు. డాలస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కేంద్రం 2016 నుంచి ఫ్రిస్కోలోనే ఉంది. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉండే ఊరది. టెక్సస్‌లో శుక్రవారం రాత్రయితే హైస్కూల్ ఫుట్‌బాల్ పండగే. ‘నేనూ టీమ్‌లో చేరతా నాన్నా’ అని పిల్లాడు అడిగితే ఏం చెప్పాలి? తలతో గుద్దితే 15 గజాలు జరిమానా వేసే నిబంధన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 2018లో కట్టుదిట్టమైంది కదా అనుకుంటే సరిపోదు. ఎదిగే వయసులో తలకి దెబ్బలన్నది ఏ అమ్మనీ నిద్రపోనివ్వదు.

అందుకే చాలామంది ఫ్లాగ్ ఫుట్‌బాల్ వైపు చూస్తున్నారు. నడుముకి కట్టుకున్న బెల్టుకి రెండు పక్కలా గుడ్డ పట్టీలు వేలాడతాయి. బంతి ఉన్నవాణ్ని పడగొట్టక్కర్లేదు, పట్టీ లాగేస్తే చాలు. అంతర్జాతీయ పోటీల్లో జట్టుకి ఐదుగురే. అక్కడా నాలుగు ఛాన్సులే, కాకపోతే పది గజాలకి బదులు మైదానం మధ్యగీత దాటాలి. 2028 లాస్ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఇది తొలిసారి అడుగుపెట్టబోతోంది. అదే ఒలింపిక్స్‌లో 1900 తర్వాత మళ్లీ క్రికెట్ కూడా ఉంది. ఆ ఇంట్లో టీవీ రిమోట్ కోసం తాతా మనవళ్లు పోట్లాడుకోవాల్సిందే!