కవచము లేని గొట్టములు

దేశద్రవ్యము ప్రవాహమువలె పరదేశమునకు తరలిపోవుచున్నదని దాదాభాయి నౌరోజీ మహాశయుడు 1901లో ప్రకటించిన గ్రంథమున అంకెలతో నిరూపించెను. ఆ ప్రవాహమును త్రవ్వినవారు పరాయివారు. మన చేతులతో మనమే త్రవ్వుకొన్న పిల్లకాలువలు కొన్ని నేటికిని కలవు. కర్మాగారములందును, ఆసుపత్రులందును, హోటళ్లయందును, శీతల గిడ్డంగులయందును కవచము లేక సాగుచున్న గొట్టములు అట్టివి. ఇది ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన స్వల్పవిషయమని పాఠకులు త్రోసివేయరాదు.

బాయిలరునుండి యంత్రములకు ఆవిరిని గొనిపోవు నాలుగంగుళముల ఇనుపగొట్టము నొకదానిని తీసికొందము. వాతావరణ పీడనముకంటె 7 బార్లు హెచ్చైన ఆవిరి సుమారు 170 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి గలది. గొట్టముపై ఏ తొడుగును లేనిచో ప్రతి మీటరునుండియు దాదాపు 700 వాట్ల ఉష్ణము గాలిలో కలసిపోవును. సంవత్సరమున 8,000 గంటలు నడచు కర్మాగారమున ఆ ఒక్క మీటరు నష్టమునకే సుమారు టన్నున్నర బొగ్గు కాల్పవలసివచ్చును. రెండంగుళముల మందమున రాక్‌ఊల్ చుట్టి, పైన అల్యూమినియపు రేకు తొడిగినచో ఆ నష్టము పదియవవంతునకు తగ్గును. సింగరేణి శ్రామికుడు ప్రాణములకు తెగించి భూగర్భమునుండి పైకి తెచ్చిన బొగ్గును ఏ ప్రయోజనమును లేక గోడలను కాచుటకు వినియోగించుట ఏపాటి న్యాయము?

ఇది క్రొత్తగా కనుగొన్న రహస్యము కాదు. జేమ్స్ వాట్ 1769లో తన ఆవిరియంత్రమునకు పేటెంటు పొందినపుడే, ఆవిరి పనిచేయు పాత్రను ఆవిరియంత వేడిగా నుంచవలెననియు, అందులకై కఱ్ఱతో గాని, ఉష్ణమును మెల్లగా ప్రసరింపజేయు మఱియొక పదార్థముతో గాని దానిని కప్పవలెననియు నిర్దేశించెను. యంత్రయుగపు తొలినాళ్లలోనే తెలిసిన సత్యమును రెండున్నర శతాబ్దములు గడచిన పిమ్మటను ఉపేక్షించుట అజ్ఞానము కాదు, అలసత్వము.

ఉప్పుడు బియ్యపు మిల్లులో ఊకయు, చక్కెర కర్మాగారములో చెఱుకుపిప్పియు ఊరకే లభించుచుండగా ఈ లెక్కలన్నియు ఏల యని కొందఱు యజమానులు ప్రశ్నింపవచ్చును. ఆ కాలము గతించినది. ఊకకు నేడు బజారున వెల కలదు. పిప్పితో విద్యుత్తు నుత్పత్తిచేసి, తమ అవసరమునకు మిగిలినదానిని అమ్ముకొను చక్కెర కర్మాగారములు కలవు. వెలగల వస్తువును ఊరకే వచ్చినదని కాల్చుట పొదుపు కానేరదు.

వేడిగొట్టముల సంగతి యిట్లుండగా, చల్లని గొట్టములకు కవచము మఱింత యావశ్యకము. సముద్రతీరపు పట్టణములలో గాలి 30 డిగ్రీల వేడిమితోను, నూటికి 80 పాళ్ల తేమతోను ఉన్నవేళ, 26 డిగ్రీలకు దిగిన ప్రతి వస్తువుమీదను నీరు చెమర్చును. ఇక పెద్ద భవనములను చల్లబఱచుటకై 6, 7 డిగ్రీల నీటిని గొనిపోవు గొట్టము మాట చెప్పవలెనా? దానికి తొడుగు లేనిచో, లేక తొడుగు అతుకులు విడిపోయినచో, నీరు బొట్లుబొట్లుగా పైకప్పు పలకలపై బడి బూజు పట్టించును. ఇనుమును త్రుప్పు తినివేయును. తడిసిన కవచము కవచమే కాదు. కావుననే చల్లని గొట్టములకు తేమ చొరని పొరను ఎక్కడను సందు లేకుండ వేయవలెను. గుంటూరు సీమలో మిరపను దాచు శీతల గిడ్డంగులలో వృథాయగు ప్రతి యూనిటు విద్యుత్తును చివరకు అద్దె రూపమున రైతు నెత్తిమీదనే పడును.

ధనముకంటె గొప్పది ప్రాణము. 60 డిగ్రీలకు మించిన లోహమును తాకిన చేయి కొద్ది సెకండ్లలోనే కాలును. కవచము శ్రామికునకు రక్షణ. అయితే ఆ కవచమే విషమైన ఉదంతమును మఱువరాదు. ఇరువదవ శతాబ్దమున ఆవిరి గొట్టములకు ఆస్‌బెస్టాసును విరివిగా చుట్టిరి. దాని నూగు పీల్చిన పనివారు అనేకులు, దశాబ్దముల తరువాత, ఊపిరితిత్తుల వ్యాధులకును క్యాన్సరుకును ఎరయైరి. బ్రిటను 1999లో దాని వాడకమును నిషేధించెను. మన సుప్రీంకోర్టు 1995లో, ఆస్‌బెస్టాసు కార్మికుల ఆరోగ్య వివరములను వారు పనిలో చేరినది మొదలు కనీసము 40 ఏండ్లు గాని, పని విడిచిన పిమ్మట 15 ఏండ్లు గాని, ఏది తరువాతిదైన అంతవఱకు భద్రపఱుపవలెనని ఆజ్ఞాపించెను. పాత భవనములలో అట్టి తొడుగును విప్పువారికి తగిన రక్షణ కల్పింపక సుత్తి చేతికిచ్చుట నేరము.

శాసనములు లేకపోలేదు. ఇంధన పొదుపు చట్టము 2001లో వచ్చినది. వాణిజ్య భవనముల నియమావళి 2007లో వెలువడి 2017లో సవరింపబడినది. గొట్టముల కవచమునకు అందు నియమములు కలవు. ఐనను భవనము కట్టునపుడు ఖర్చు తగ్గింపవలసివచ్చినచో తొలుత వ్రేటు పడునది కంటికి కానరాని దీనికే. చలువఱాతిని తగ్గించు యజమాని అరుదు. మరమ్మతునకై వాల్వు మీది తొడుగును విప్పినవారు దానిని మరల తొడుగకయే పోవుదురు. వట్టిగా నున్న ఒక్క వాల్వు సుమారు ఒక మీటరు వట్టి గొట్టమంత నష్టము కలిగించును.

ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. ఈ దొంగను పట్టుటకు ఈశ్వరుడు దిగిరానక్కఱలేదు. యజమాని స్వయముగా బాయిలరునుండి కడపటి యంత్రమువఱకు ఒకమాఱు నడచి, తొడుగులేని తావులను వ్రాసికొన్న చాలును. స్వరాజ్యము సంపాదించుట ఒక యెత్తు. సంపాదించినదానిని జాఱిపోనీయక కాపాడుకొనుట మఱియొక యెత్తు. ఆ కాపుదల గొట్టమునకు తొడుగు తొడుగుటవంటి చిన్నపనులతోనే ప్రారంభము కావలెను.