కొల్లేట్లో దొరికిన రాగిరేకులు

కొల్లేరు అనగానే కైకలూరు వాళ్లకు చేపలు, ఆటపాక పక్షులు గుర్తొస్తాయి. తెలుగు లిపి పుట్టుకకు సాక్ష్యం చెప్పే రాగిరేకులు కూడా ఆ సరస్సులోనే దొరికాయి. 19వ శతాబ్దంలో అవి మద్రాసు సివిల్ సర్వీసు అధికారి వాల్టర్ ఇలియట్ చేతికి చేరాయి. 1876లో జె.ఎఫ్. ఫ్లీట్ వాటిని 'ఇండియన్ యాంటిక్వెరీ'లో ప్రచురించాడు.

శాలంకాయన రాజు విజయనందివర్మ వేంగీపురం నుంచి ఇచ్చిన సంస్కృత దానశాసనం అది. కుద్రాహార విషయం (నాటి పరగణా)లోని విదేనూరపల్లిక అనే ఊరిని బ్రాహ్మణులకు రాసిచ్చాడు. కుద్రాహారమంటే గుడివాడ, బందరు వైపు నేలేనని చరిత్రకారుల అభిప్రాయం. అంటే కైకలూరుకు ఇరుగుపొరుగే.

చిక్కేమిటంటే, ఇందులో శకం లేదు. రాజు ఏలుబడిలో 7వ ఏడు, అంతే. మరి కాలం తేల్చడం ఎలా? మొదటి ఆధారం అక్షరాలే. 'ర' అప్పుడొక నిలువుగీత. దాని అడుగున ఎడమవైపుకు తిరిగిన చిన్న కొక్కెం. తరాలు గడిచేకొద్దీ ఆ కొక్కెం పైపైకి పాకి, గీత తలను కలుసుకుంది. అదే మనం రాసే గుండ్రటి 'ర'. రేకుల మీది ఈ పాత లిపికి ఎ.సి. బర్నెల్ 'వేంగి లిపి' అని పేరు పెట్టాడు.

రెండో ఆధారం పెదవేగిలో దొరికిన మరో తామ్రశాసనం. దాన్ని రాజమహేంద్రవరంలోని ఆంధ్రేతిహాస పరిశోధక మండలి తన పత్రికలో ప్రచురించింది. ఆ మండలి సేకరణే నేటి రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియానికి పునాది. హస్తివర్మ, నందివర్మ, చండవర్మ, మళ్లీ నందివర్మ (ఈయనే మన విజయనందివర్మ) అని నాలుగు తరాలను ఆ శాసనం వరసగా చెబుతుంది. 4వ శతాబ్దంలో సముద్రగుప్తుడు ఓడించిన రాజుల్లో వేంగి హస్తివర్మ ఉన్నాడని అలహాబాద్ స్తంభ శాసనం చెబుతోంది. అక్కడి నుంచి తరాలు లెక్కిస్తే మన కొల్లేటి శాసనం 5వ శతాబ్దానికి చేరుతుంది. ఎక్కడో ఉత్తరాదిన నిలబెట్టిన రాతిస్తంభం కొల్లేటి రేకుల కాలం చెప్పడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

ఇప్పుడు ఈ చుట్టుపక్కల చెరువులన్నీ పొక్లెయిన్లతో తవ్వుతున్నారు. చిలుము పట్టిన రేకు బయటపడితే చింతపండుతో తోమకండి. ఆ పులుపు చిలుముతో పాటు లోతు తక్కువ గీతల అంచులనూ తినేస్తుంది. రేకులకు కడియం ఉంటే తెంపకండి. రాజముద్ర ఉండేది దానిమీదే. దొరికిన చోటు, లోతు రాసిపెట్టుకుని, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు కబురు చేయాలి.