జీతం అంకె చెప్పేదీ, దాచేదీ

మన కథల్లో జీతం అంకె తరచు కనబడుతుంది. కథానాయకుడు నెలకు నలభై రూపాయల గుమాస్తా అని రచయిత ఒక్క మాట అనేసి ముందుకు పోతాడు. ఆ అంకెను బట్టే పాఠకుడు అతని ఇంటి అద్దె, భార్య కట్టిన చీర, పిల్లల బడి ఫీజు ఊహించుకుంటాడు. కథ బరువు ఆ అంకె మీద అంత ఉంది. అయినా ఒక వృత్తి సంపాదనను మరొక దానితో పోల్చవలసి వచ్చినప్పుడు రచయితలూ, సాహిత్య విద్యార్థులూ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ఊరుకుంటున్నారు. అది ఎందుకు చాలదో, ఏయే ప్రశ్నలు వేసుకుంటే పోలిక నిలబడుతుందో చూద్దాం.

చాదర్‌ఘాట్ వంతెన దగ్గర మొదలుపెడదాం. మూసీకి ఉత్తరపు గట్టున, ఇప్పటి కోఠీలో, బ్రిటిష్ రెసిడెన్సీ ఉండేది. దాని చుట్టూ ఉన్న రెసిడెన్సీ బజార్లు 1933 దాకా బ్రిటిష్ అధికారం కిందే ఉన్నాయి. నదికి అవతల నిజాం పాత నగరం. నిజాం సర్కారు నౌకరుకు తన్‌ఖా హాలీ సిక్కాలో ముట్టేది. బ్రిటిష్ కొలువులో ఉన్నవాడికి కల్దారు రూపాయలు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. ఇద్దరు గుమాస్తాలూ ‘నెలకు వంద’ అనే చెప్పుకున్నా, మొదటివాడి వంద రెండవవాడి లెక్కలో దాదాపు 86 రూపాయలే. హాలీ సిక్కా 1959 దాకా చెలామణిలో ఉంది. కనుక ఆ కాలపు హైదరాబాదు కథలో జీతం అంకె కనబడితే, అది ఏ రూపాయి అని అడగకుండా విమర్శకుడు ముందుకు పోరాదు.

ఈనాడు రూపాయి ఒకటే. కాని సంపాదనకు పేర్లు అనేకం. మేస్త్రీ కింద పనిచేసేవాడిది కూలి. ఆఫీసు ఉద్యోగిది జీతం. వకీలుది ఫీజు. రచయితది పారితోషికం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగిది ప్యాకేజీ. అంగన్‌వాడీ టీచరుది గౌరవ వేతనం. ‘జీతం’ అన్న మాట ‘జీవితం’ నుంచి వచ్చింది. కాని తెలంగాణ పల్లెలో ‘జీతం ఉన్నాడు’ అంటే దొర దగ్గరో, ఆసామి దగ్గరో ఏడాది పాలేరుగా కుదిరాడని అర్థం. ఈ మాటలు పర్యాయపదాలు కావు. ఒక్కొక్క పేరు వెనక ఒక హక్కో, హక్కు లేకపోవడమో ఉంది.

గౌరవ వేతనాన్నే తీసుకోండి. 2021లో తెలంగాణ ప్రభుత్వం అంగన్‌వాడీ టీచరు నెలసరి మొత్తాన్ని 13,650 రూపాయలు చేసింది. అదే ఏడాది అమలుకు వచ్చిన వేతన సవరణలో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి కనీస మూలవేతనం 19,000. అంగన్‌వాడీలో పొద్దుటి నుంచి పిల్లలకు తిండిపెట్టి, చదువు చెప్పి, గర్భిణుల లెక్కలు రాసే స్త్రీకి ఇచ్చేదాన్ని ‘జీతం’ అంటే ఆమె ఉద్యోగి అవుతుంది. ఉద్యోగి అయితే స్కేలూ, పింఛనూ అడుగుతుంది. ‘గౌరవం’ అన్న మాట అక్కడ చేస్తున్న పని ఇది. ఆమెకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022లో చెప్పవలసి వచ్చింది. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది కదా అనవచ్చు. ఆ చట్టం ఒకే పని చేసే స్త్రీ పురుషులను పోల్చమంది. మొత్తం స్త్రీలతోనే నడిచే పనిలో పోల్చడానికి పక్కన పురుషుడే లేడు!

రెండవ ప్రశ్న కాలానికి సంబంధించింది. కూలి రోజుకు, జీతం నెలకు, ప్యాకేజీ ఏడాదికి లెక్క. ఎంత ముందుకు చూసి లెక్క కట్టగలిగితే బతుకుకు అంత భరోసా. అడ్డా మీద నిలబడే మనిషికి రోజుకు 800 రూపాయలు అనుకుందాం. 26 రోజులు పని దొరికితే నెలకు 20,800. వానాకాలంలో 14 రోజులే దొరికితే 11,200. అతనికి జీతంతో కూడిన ఆదివారం లేదు. ధరలు పెరిగితే కరువు భత్యం లేదు. ప్యాకేజీలో మరో తిరకాసు ఉంది. యజమాని కట్టే ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, వస్తుందో రాదో తెలియని బోనసు అన్నీ కలిపిన అంకె అది. చేతికి వచ్చేది తక్కువ.

మూడవది, ఆ డబ్బుతో ఎందరు తినాలి? 1957లో పదిహేనవ భారత కార్మిక సదస్సు దీనికి ఒక కొలత ఇచ్చింది. సంపాదించేవాడు ఒకడు, తినేవారు మూడు యూనిట్లు: పురుషుడు 1, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరొక 0.6. యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీలు, నలుగురికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకూ దీపాల వంటి వాటికి 20 శాతం. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, వృద్ధాప్యం కోసం మరో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు అన్నది. 2016 నుంచి అమలైన ఏడవ కేంద్ర వేతన సంఘం కూడా ఈ కొలత ఆధారంగానే కనీస వేతనం 18,000గా కట్టింది. అదే సంఘం ప్రకారం కేబినెట్ కార్యదర్శి జీతం 2,50,000. అంటే దాదాపు పద్నాలుగు రెట్లు. కిందివాడి జీతానికి కేలరీల లెక్క ఉంది. పైవాడి జీతానికి ఏ కేలరీల లెక్కా చాలదు.

మరి ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? చదువు, నైపుణ్యం, బాధ్యత అనే సమాధానం కొంతవరకే నిజం. వేతనం చేసిన పనికి ధర కాదని, శ్రమశక్తికి ధర అని మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో (1867) వివరించాడు. ఆ ధర ఎంతవరకు పడిపోవాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించడంలో సంఘటిత బలానికి పెద్ద పాత్ర ఉంది. 1957 కొలత ఎవరి దయ వల్లా రాలేదు. ప్రభుత్వం, యజమానులు కూర్చున్న సదస్సులో కార్మిక సంఘాలూ కూర్చున్నాయి కనుక వచ్చింది. అడ్డా కూలీకి ఆ కుర్చీ లేదు.

రచయిత గణాంకాలు రాయనక్కరలేదు. తన పాత్ర సంపాదన ఏ పేరుతో వస్తుంది, ఎన్నాళ్లకు వస్తుంది, ఎందరు తింటారు అన్న మూడు సంగతులు తెలుసుకుంటే చాలు. చాదర్‌ఘాట్ వంతెన మీద సాయంత్రం ఒకే బస్సులో ఆఫీసు గుమాస్తా, అంగన్‌వాడీ టీచరు, తాపీపనివాడు ఒకరి పక్కన ఒకరు నిలబడి ఇంటికి పోతుంటారు. ఆ నెలలో ముగ్గురికీ దాదాపు ఒకే అంకె ముట్టి ఉండవచ్చు. వచ్చే నెల మాత్రం ముగ్గురికీ ఒకటి కాదు. కథ ఉన్నది అక్కడే.