ఈ విల్లు ఏనాటిది?
‘అల్లూరి కాలం నాటిది’ అంటే నమ్మి కొనేముందు వెదురు ఏం చెబుతోందో చూడండి

విశాఖ పూర్ణా మార్కెట్‌లో వెదురు బుట్ట ఏరి కొనే ఇల్లాలు ముందు దాన్ని తిరగేస్తుంది. బద్ద ఎండిందా, పురుగు పట్టిందా అని వేలితో తడిమి చూస్తుంది. పాత విల్లు కొనేవారికి కావలసిందీ ఆ చూపే. అమ్మేవాడు చెప్పే కథ తర్వాత, కర్ర ముందు.

కథకు గిరాకీ ఎందుకొచ్చింది?

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్‌పై దాడి చేసింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. విల్లంబులు పట్టిన మన్యం వీరుల చేతికి తుపాకులు అందిన రోజులవి. ఆ పోరాటానికి వందేళ్లు నిండాయి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం చారిత్రక ప్రాధాన్యమున్న వస్తువుకు వందేళ్లు నిండితే అది పురావస్తువు. దాన్ని వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం.

కర్ర చెప్పే సాక్ష్యం

వెదురు గడ్డిజాతి మొక్క. చెట్టు మానులో ఉన్నట్టు ఏటికో వలయం అందులో ఉండదు, లెక్కపెట్టి వయసు చెప్పలేం. కార్బన్ పరీక్ష కూడా సుమారు 1650-1950 మధ్య కాలానికి కచ్చితమైన ఏడాదిని ఇవ్వలేదు. ఇక మిగిలింది వాడకపు గుర్తులే.

పిడి దగ్గర చూడండి. ఏళ్ల తరబడి చెయ్యి పడిన చోట వెదురు నున్నగా మెరుస్తుంది, పక్కన అంత మెరుపు ఉండదు. విల్లు కొనల్లోని కొప్పుల దగ్గర నారి ఒరిసి గాడి పడుతుంది. బాగా వాడిన విల్లుకు నారి విప్పినా కొంత వంపు నిలిచిపోతుంది. పొయ్యి పైన అటక మీద ఉంచిన విల్లుకు పొగ ఒకవైపే ఎక్కువ పట్టవచ్చు. నలుపు అంతటా ఒకే తీరుగా ఉండి, గాడి లోపల కూడా అలాగే ఉంటే రంగు పులిమారేమోనని అనుమానించాలి.

పురుగు రంధ్రాలు ముసలితనానికి రుజువు కావు. కొత్త వెదురునూ పురుగు నెలల్లోనే తొలిచేస్తుంది. నారిని బట్టీ తేల్చకూడదు. మన్యంలో చాలాచోట్ల వెదురు బద్దనే నారిగా కడతారు. అది తెగితే మరోటి కడతారు. నైలాన్ తాడు ఉంటే ఆ తాడు 1930ల చివరికి ముందుది కాదని మాత్రమే తేలుతుంది.

ఫ్యాక్టరీ విల్లుల లెక్క వేరు

విదేశీ ఫ్యాక్టరీ విల్లులకు సాధారణంగా ముద్ర ఉంటుంది. అమెరికాలో ఫ్రెడ్ బేర్ 1933లో డెట్రాయిట్‌లో మొదలుపెట్టిన కంపెనీ 1947లో గ్రేలింగ్‌కు, 1978లో ఫ్లోరిడాకు మారింది. ‘గ్రేలింగ్’ అని ముద్ర ఉంటే ఆ విల్లు ఆ మూడు దశాబ్దాలదని చెప్పొచ్చు. కర్రకు ఫైబర్‌గ్లాస్ పొర అతికి ఉంటే అది రెండో ప్రపంచ యుద్ధానంతర కాలానిది.

మన్యం విల్లుకు ముద్ర లేదు. విశాఖలో దంతపు పని చేసిన పాత ఫర్నిచర్‌ను ప్రపంచ మ్యూజియాలు ఊరి పేరుతోనే భద్రపరిచాయి. ఒకప్పుడు అదే జిల్లాలో ఉన్న కొండల్లో విల్లు చెక్కిన చేతులను మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

కాబట్టి సేకర్తలకు ఒక విన్నపం. పాత విల్లును లాగి చూడకండి, ఎండిన వెదురు విరుగుతుంది. వార్నిష్ పూయకండి, గరుకు కాగితం పెట్టకండి, సాక్ష్యం చెరిగిపోతుంది. ఏ ఊరిది, ఏ తెగవారిది, ఎవరు చేశారు, ఎవరి దగ్గర కొన్నారు అన్నవి కొన్నరోజే కాగితం మీద రాయండి. అలాంటి కాగితం లేని విల్లుకు ‘అల్లూరి కాలం’ ధర ఇవ్వకండి.